యూజర్ నంబర్ మూడు

మిషన్ అబద్ధం చెప్పదండీ అని ఆ రోజు అంతమంది ముందు అన్నది నేనే. ఇంకెవరైనా అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. నేనే అన్నాను, అదీ టక్ చేసుకున్న చొక్కా సర్దుకుంటూ, పెద్ద తెలిసినవాడిలా అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండువేల ఐదో ఆరో అయి ఉంటుంది. కాకినాడలో డిప్లొమా ముగించి, రాజమండ్రిలో దొంగల అలారాలూ కెమెరాలూ బిగించే ఒక చిన్న కొట్లో చేరి నాకు ఏడు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అంతకుముందు అలారం అంటే గోడలు తొలిచి వైర్లు లాగడమే. అప్పుడప్పుడే వైర్లు లేని సెట్లు రావడం మొదలైంది. తలుపు చట్రానికి అగ్గిపెట్టెంత సెన్సారు, తలుపుకి ఒక అయస్కాంతం. రెండూ విడిపోయాయంటే సెన్సారు గాల్లోనే కబురు పంపుతుంది, గోడకున్న పానెల్ సైరన్ మోగిస్తుంది. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు. నాకేమో అదంతా నేనే కనిపెట్టినంత పొగరు.

నరసాపురంలో ఒక లేసు గోడౌనుకి ఆ సెట్టు పెట్టాల్సి వచ్చింది. మా ఓనరు నన్ను ఒక్కణ్ణే పంపుతూ, "ఇది సరిగ్గా కుదిరిందనుకో, ఆ వీధిలో గోడౌన్లన్నీ మనవేరా. కుదరలేదనుకో, నీ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ రెండో ముక్క నేను పెద్దగా పట్టించుకోలేదు.

గోడౌను రేవుకి వెళ్ళే దారిలో ఉంది. ముందు ఇనప షట్టరు, వెనకవైపు కాలవ గట్టు మీదకి చెక్క తలుపు, పైన రేకుల కప్పు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర కూర్చుని సూదితో అల్లిన ముక్కలు అక్కడికి చేరతాయి. వాటిని ఏరి, ఉతికి, ఇస్త్రీ చేసి, ఒకదానికొకటి కలిపి పెద్ద పెద్ద బల్ల గుడ్డలుగా కుట్టి, పెట్టెల్లో సర్ది మద్రాసు పంపుతారు. అక్కణ్ణించి ఓడెక్కుతాయి. ఈ పనంతా చూసుకునేది ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. గోదావరి అవతలి గట్టున చేపలు పట్టుకునే కుటుంబం వాళ్ళది. రోజూ పొద్దున్నే మనుషుల్నీ సైకిళ్ళనీ కలిపి దాటించే పంటు మీద ఏరు దాటి వచ్చి షట్టరు తీసేది, సాయంత్రం మూసి ఆఖరి పంటు అందుకునేది. ఇరవై రెండేళ్ళుగా తాళాలు ఆవిడ బొడ్లోనే ఉన్నాయట. గోడౌన్లో అందరూ ఆవిడని అక్క అనేవారు. ముక్కని వేళ్ళతో తడిమి, అది ఏ ఊరి ఆడమనిషి అల్లిందో చెప్పేసేది. నేను నమ్మక రెండుసార్లు పరీక్ష పెట్టాను. రెండుసార్లూ ముక్కకి కట్టిన చీటీ విప్పి చూస్తే ఆవిడ చెప్పిన ఊరే ఉంది.

మొదటి రోజు పానెల్, సెన్సార్లు. పానెల్‌కి ప్రతి సెన్సారునీ పరిచయం చెయ్యాలి. పానెల్ మీద బటన్ నొక్కి, పరుగెత్తుకెళ్ళి తలుపు దగ్గర అయస్కాంతం విడదీస్తే, పానెల్ రెండుసార్లు కూస్తుంది. వీడు నావాడే అని ఒప్పుకున్నట్టు. వెనక తలుపు సెన్సారుని మాత్రం ఎంతకీ ఒప్పుకోలేదు. రేకుల కప్పు, ఇనప బీరువాలు సిగ్నల్ని మింగేస్తున్నాయి. పానెల్‌ని అటు జరిపి ఇటు జరిపి, చివరికి షట్టరు పక్క స్తంభానికి బిగిస్తే అందింది. మనిషి కదిలితే పట్టుకునే సెన్సారు ఒకటి ఉంటుంది, అది ఆరవేసిన లేసు గాలికి ఊగినా అరుస్తోంది. దాన్ని పక్కకి తిప్పాను. ఆ తర్వాత ఒక బల్లి దాని మీద పాకి సైరన్ మోగించింది. ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. "బల్లి దొంగని పట్టేశాడమ్మా ఈ బాబు" అని అక్క కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. చెమటలు కారుతున్నాయి, పానెల్ చూస్తే తేదీ అడుగుతోంది, టైము అడుగుతోంది. తలెత్తి ఎదురుగా ఉన్న గోడ గడియారం చూసి, అందులో ఎంతుంటే అంత కొట్టేశాను.

రెండో రోజు కెమెరాలు. ఒకటి షట్టరు బయట, ఒకటి లోపల గోడౌను యజమాని షావుకారుగారి బల్ల పైన, ఒకటి వెనక తలుపు దగ్గర, కట్టిన పెట్టెలు పేర్చే చోట. మొదటి రెండూ తేలిగ్గానే అయ్యాయి. వెనకది వైర్లు లేని కెమెరా. పక్కింట్లో కార్డ్‌లెస్ ఫోన్ మోగినప్పుడల్లా టీవీలో చారలు పడి, ఆనక బొమ్మే పోయేది. మూడు గంటలు దానితో కుస్తీ పట్టి, విప్పి సంచిలో వేసుకున్నాను. "వేరే రిసీవర్ తెచ్చి పెడతానండీ" అన్నాను. షావుకారుగారు మంచివారు, సరే అన్నారు. కెమెరా బొమ్మలు దాచుకునే రికార్డర్‌లో టైము మాత్రం నా సెల్ ఫోన్ చూసి పెట్టాను.

ఇక కోడ్లు. యూజర్ ఒకటి షావుకారుగారు. రెండు ఆయన అల్లుడుగారు, ఎగుమతి కాగితాలన్నీ ఆయనే చూసేవారు. మూడు అక్క. సాయంత్రం వెళ్ళేముందు ఎవరి నాలుగంకెలు వాళ్ళు నొక్కితే అలారం ఆన్ అవుతుంది, నలభై అయిదు సెకన్లలో బయటపడి తలుపు వేసుకోవాలి. పొద్దున్న వచ్చి అదే నొక్కితే ఆఫ్. ఎవరు ఎన్నింటికి నొక్కారో పానెల్ గుర్తు పెట్టుకుంటుంది. అలారం ఆఫ్‌లో ఉన్నంతసేపూ మాత్రం ఏ తలుపు ఎవరు తీసినా దానికి పట్టదు.

అక్కకి ఆ అంకెలు రావు. లేసులో వందల కన్నాలు నోటితోనే లెక్కపెట్టే మనిషి, కీప్యాడ్ ముందు నిలబడితే తడబడేది. నాలుగుసార్లు తప్పు నొక్కింది, రెండుసార్లు సైరన్ మోగింది. పొద్దుటి నుంచి నాకు తిండి లేదు. "ఇంత చిన్న సంగతి బుర్రకెక్కదేంటమ్మా, ఇంటికెళ్ళి ఎవరిచేతన్నా నేర్పించుకోండి" అని కసిరాను. కోడ్ ఎవరికీ చెప్పకూడదని అంతకు పది నిమిషాల ముందు చెప్పింది కూడా నేనే. మా అమ్మ వయసు మనిషి, పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు నేను బయల్దేరేముందు చూస్తే ఒక్క తప్పు లేకుండా నొక్కింది. నా పాఠం పనిచేసిందనుకున్నాను.

రెండు వారాలు తిరక్కుండానే మా ఓనరు పిలిచి, "నరసాపురంలో పెట్టె ఒకటి పోయిందట. నువ్వు పెట్టిన మిషన్లో ఏముందో చూసి చెప్పాలట. తెల్లారే బస్సెక్కు" అన్నాడు. బస్సులో కూర్చున్నంతసేపూ నాకు భయమేమీ లేదు. నిజం చెప్పాలంటే ఉత్సాహమే. నా మిషన్ మొదటి దొంగని పట్టబోతోంది.

నేను వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. లోపల షావుకారుగారు కుర్చీలో, అల్లుడుగారు ఆయన పక్కన నిలబడి. ఇస్త్రీ ఆడవాళ్ళు ముగ్గురు గోడకి ఆనుకుని ఉన్నారు. అక్క ప్యాకింగ్ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పోయింది మామూలు పెట్టె కాదు. నలభై మంది ఆడవాళ్ళు ఆరు నెలలు అల్లిన ముక్కలన్నీ కలిపి కుట్టిన బల్ల గుడ్డ ఉంది అందులో. మొన్న సాయంత్రం దాకా వెనక తలుపు దగ్గర ఆ పెట్టె ఉందని, తాను కళ్ళారా చూశానని అల్లుడుగారు చెప్పారు. నిన్న పొద్దున్న లేదని మొదట చెప్పింది అక్కే.

ముందు పానెల్ చదివాను. చిన్న అద్దం మీద ఒక్కో వరసా పైకి జరుపుతూ గట్టిగా చదివాను. "మొన్న సాయంత్రం. యూజర్ మూడు. అలారం ఆన్. ఆరూ యాభై అయిదు." అల్లుడుగారు కాగితం మీద రాసుకున్నారు. తర్వాత టీవీలో రికార్డర్ వెనక్కి తిప్పాను. షట్టరు బయట కెమెరా. లోపల లైట్లు ఆరాయి, అక్క షట్టరు దించింది, వంగి తాళం వేసింది, కొంగుతో చేతులు తుడుచుకుని రేవు వైపు నడిచింది. టీవీ మూలన టైము ఆరూ నలభై. ఆ తర్వాత ఏడున్నర దాకా తిప్పి చూశాం. షట్టరు దగ్గరకి పురుగు కూడా రాలేదు.

 అల్లుడుగారే ముందు అందుకున్నారు.

"ఆరూ నలభైకి వెళ్ళిపోయిన మనిషి ఆరూ యాభై అయిదుకి లోపలున్న మిషన్ ఎలా నొక్కింది మావయ్యగారూ? నొక్కింది ఈవిడ కాదు. ఈవిడ నంబరు తెలిసినవాడు. వెనక తలుపు తీసి ఉంచి వెళ్ళింది. వాడొచ్చాడు, పెట్టె పట్టుకున్నాడు, నంబరు నొక్కి, తలుపుకి తాళం పెట్టి కాలవలోకి దిగిపోయాడు. పావుగంట చాలదా?" అని అక్క వైపు తిరిగి, "మీ తమ్ముడి నావ మొన్న కాలవలోనే ఉందిగా?" అన్నారు.

"ఉందండి. రోజూ ఉంటది. చేపలు దింపుకుంటాడు కదండి" అంది అక్క.

"రోజూ సంగతి కాదమ్మా. మొన్నటి సంగతి చెప్పు."

"మొన్నా ఉందండి."

షావుకారుగారు నా వైపు చూశారు. ఆయన మొహంలో కోపం లేదు, బెంగ ఉంది. "ఏం బాబూ, మిషన్ ఎక్కడన్నా పొరపాటు పడే వీలుందా?" అని అడిగారు. ఆయన ఆ మాట కావాలనే అడిగారని, ఎలాగైనా నేను ఉందంటే బావుణ్ణనుకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నాకు నా మిషన్ పరువే కనిపించింది. "మిషన్ అబద్ధం చెప్పదండీ" అన్నాను.

అల్లుడుగారు తలాడించారు. "స్టేషనుకి ఫోన్ చేశాను. పన్నెండింటికి కానిస్టేబుల్ వస్తాడు. వీళ్ళ తమ్ముణ్ణి తీసుకెళ్ళి నాలుగు తగిలిస్తే పెట్టె దానంతటదే నడిచొస్తుంది" అన్నారు. అక్క బల్ల అంచు వదిలేసి కింద కూలబడింది. "నన్నేమన్నా అనండి. ఆడి జోలికెళ్ళకండి. ఉబ్బసం మనిషండి, దెబ్బకి తట్టుకోలేడు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బావుండేది, నాకు అంత భయం వేసేది కాదు.

ఏం చెయ్యాలో తోచక టీవీ దగ్గరకి వెళ్ళి, రికార్డింగు ఆపి మామూలు బొమ్మకి మార్చాను. మూలన ఇప్పటి టైము కనిపించింది. పదకొండూ రెండు. యథాలాపంగా తలెత్తితే ఎదురుగా గోడ గడియారం. పదకొండూ పదిహేడు.

మొదట గడియారం పాడైందనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. నడుచుకుంటూ స్తంభం దగ్గరకి వెళ్ళి పానెల్ చూశాను. పదకొండూ పదిహేడు. సెల్ ఫోన్ తీసి చూశాను. పదకొండూ రెండు. గోడ పక్కన నిలబడ్డ ఇస్త్రీ ఆవిడ దగ్గరకి వెళ్ళి, "ఈ గడియారం ముందు నడుస్తోందా?" అని మెల్లగా అడిగాను.

"అది పంటు గడియారం కదండీ. పావుగంట ముందే పెడతారు షావుకారుగారు. లేపోతే ఏరవతల వాళ్ళకి ఆఖరి పంటు తప్పిపోద్దని" అంది.

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"ఇందులో చెప్పేదేముందండీ. అందరికీ తెలిసిందేగా."

అందరికీ తెలిసిందే. ఆ గోడౌన్లో ప్రతి ఒక్కరూ గడియారం చూడగానే మనసులో పావుగంట తీసేస్తారు. తీసేస్తున్నామని కూడా వాళ్ళకి గుర్తుండదు. తియ్యనివాణ్ణి నేనొక్కణ్ణే. అంటే పానెల్‌లో ఆరూ యాభై అయిదు అంటే అసలు టైము ఆరూ నలభై. అక్క నంబరు నొక్కింది, బయటికొచ్చింది, షట్టరు దించింది, పంటుకి వెళ్ళింది. మధ్యలో పావుగంటా లేదు, దొంగా లేడు. 

బయటి మెట్ల మీదకొచ్చి మా ఓనరుకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.  ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు.

"ఒరేయ్, నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. లోపలికెళ్ళి పానెల్‌లో టైము సరిచేసి, చెకింగ్ అయిపోయిందని చెప్పి బస్సెక్కెయ్. వాళ్ళ గోల వాళ్ళు చూసుకుంటారు. టైము పెట్టడం కూడా రానివాళ్ళని మనకి పేరొచ్చిందంటే ఆ వీధిలో మళ్ళీ అడుగు పెట్టగలమా?"

"పోలీసులు వస్తున్నారండీ."

"వస్తే వస్తారు. దొంగ కాకపోతే వదిలేస్తారు. నీకెందుకు? ఉద్యోగం కావాలా అక్కర్లేదా?"

నాకు ఉద్యోగం కావాలి. దీన్ని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. లోపలికొచ్చి పానెల్ మూత తీసి, టైము మార్చే చోటికి వెళ్ళాను. టైము మార్చినా పాత వరసలు మారవు. ఆరూ యాభై అయిదు ఆరూ యాభై అయిదుగానే ఉండిపోతుంది. ఆ పైన ఎవరొచ్చి చూసినా పానెల్, రికార్డర్ ఒకటే టైము చూపిస్తాయి. నా తప్పు ఆనవాలు లేకుండా పోతుంది, ఆవిడ మీద నింద మాత్రం చెక్కు చెదరదు. నాలుగంకెలు నొక్కాలి, ఆపైన సరే అని ఒకటి. గంటలు నొక్కాను. నిమిషాలు నొక్కబోతున్నాను.

వెనక అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. షావుకారుగారు లేచి, గోడకున్న దేవుడి పటాల ముందు ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. మధ్యలో అన్నవరం సత్యదేవుడి పటం. "అమ్మా, నాకు మిషన్లూ టైములూ తెలీవు. కర్పూరం ఆర్పి ఒక్కమాట చెప్పు. ఆ నంబరు ఎవరికీ చెప్పలేదని చెప్పు. కానిస్టేబుల్ని నేనే వెనక్కి పంపేస్తాను" అన్నారు అక్కతో.

అక్క లేచింది. కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుని పటం ముందుకి వెళ్ళింది. చెయ్యి చాచింది. మంట మీద అరచెయ్యి పెట్టబోయి ఆగిపోయింది. అలా ఎంతసేపు ఆగిందో నాకు తెలీదు. నా వేలు కీప్యాడ్ మీదే ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరికీ చెప్పలేదని ప్రమాణం చెయ్యలేనండి" అంది.

అల్లుడుగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే మావయ్యగారూ. ఇంకేం కావాలి?"

"మా మనవరాలికి తెలుసండి" అంది అక్క, ఆయన వైపు చూడకుండా పటం వైపే చూస్తూ. "ఎనిమిదేళ్ళ పిల్లండి. నాకు అంకెలు రావు కదండి. పలక మీద గళ్ళు గీసి, ఏ గడి తర్వాత ఏ గడి నొక్కాలో రాత్రల్లా కూకోబెట్టి నేర్పింది. ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. అయినా దేవుడి ముందర ఎవరికీ చెప్పలేదని నేనెలా అనను?"

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇంటికెళ్ళి నేర్పించుకో అన్న మాట నాది. తప్పు టైము నాది. కెమెరా లేని వెనక తలుపు నాది. ఇన్ని చేసిన నేను ఇన్సర్ట్ చొక్కాతో స్తంభం దగ్గర నిలబడి ఉన్నాను, ఆవిడ మాత్రం నిజం చెప్పి దొంగవుతోంది. కీప్యాడ్ మీద నుంచి వేలు తీసేశాను.

"షావుకారుగారండీ, ఇంటికెళ్ళి నేర్పించుకోమన్నది నేనేనండీ. ఆవిడ తప్పు కాదు. ఇంకోటి. పానెల్‌లో టైము తప్పండీ. మీ గోడ గడియారం చూసి నేనే పెట్టాను. అది పావుగంట ముందుందని నాకు తెలీదు. ఆవిడ నొక్కింది ఆరూ నలభైకే" అన్నాను. 

అల్లుడుగారు నా మీదకి వచ్చినంత పని చేశారు. "ఇందాక మిషన్ అబద్ధం చెప్పదన్నావుగా? ఇప్పుడు మాట మారుస్తావేంటి? ఈవిడని చూసి జాలేసిందా? లేకపోతే నీకూ ఇందులో వాటా ఉందా?"

ఆ ఆఖరి మాటకి నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. కోపమే నన్ను కాపాడిందేమో, బుర్ర పనిచేసింది. "పోయిన ఆదివారం గోడౌను మూసింది ఎవరండీ?" అని షావుకారుగారిని అడిగాను.

"నేనే. లెక్కల పని ఉండి పొద్దున్న వచ్చాను. అక్కకి ఆదివారం సెలవు" అన్నారు ఆయన.

పానెల్ మీద వరసలు జరిపాను. అల్లుడుగారినే వచ్చి చదవమన్నాను. యూజర్ ఒకటి, అలారం ఆన్, పన్నెండూ పాతిక. తర్వాత టీవీలో ఆదివారం తిప్పాను. షావుకారుగారు షట్టరు దించుతున్నారు, తాళం లాగి చూసుకుంటున్నారు, గొడుగు విప్పుకుని వెళ్తున్నారు. మూలన టైము పన్నెండూ పది.

"పన్నెండూ పదికి వెళ్ళిపోయిన మీరు పన్నెండూ పాతికకి లోపల ఎలా నొక్కారండీ?" అన్నాను. ఆయన్ని అలా అడిగే అర్హత నాకు లేదు. కానీ అప్పుడు వేరే దారి తోచలేదు.

షావుకారుగారు టీవీ వంక, గోడ గడియారం వంక చూశారు. ఫోన్ దగ్గరకి వెళ్ళి, స్టేషనుకి తానే మాట్లాడి కానిస్టేబుల్ అక్కర్లేదని చెప్పారు. అల్లుడుగారు కాగితం చింపి ఉండ చుట్టి, "వీడికి మిషన్ ఇచ్చినవాణ్ణి అనాలి" అంటూ నన్ను చెడామడా తిట్టారు. నేను తలొంచుకుని పడ్డాను. ఆ తిట్లు నాకు హాయిగానే ఉన్నాయి. పెట్టె సంగతి నెల తర్వాత తెలిసింది. అంతకుముందు లోడులోనే పొరపాటున మద్రాసు వెళ్ళిపోయిందట. అల్లుడుగారు కళ్ళారా చూసింది వేరే పెట్టె. మా ఓనరు నన్ను తీసెయ్యలేదు గానీ ఆ నెలంతా నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. ఇవన్నీ తర్వాతి మాటలు.

ఆ రోజు షావుకారుగారు అక్కతో, "పోన్లే అమ్మా, గడియారం తేడా అట. మనసులో పెట్టుకోకు. వెళ్ళి పని చూసుకో" అన్నారు. కర్పూరం అప్పటికి దానంతటదే ఆరిపోయింది. ఇస్త్రీ ఆడవాళ్ళు ఇస్త్రీ పెట్టెల్లో బొగ్గులు వేసుకోవడం మొదలెట్టారు. అక్క మాత్రం కదల్లేదు. బొడ్లోంచి తాళాల గుత్తి తీసి షావుకారుగారి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది? తేలిపోయిందిగా" అన్నారు ఆయన.

"ఏం తేలిందండి? గడియారం తప్పని తేలింది" అంది. గొంతు పెంచలేదు. "ఇరవై రెండేళ్ళు ఈ తాళాలు నా దగ్గరున్నాయండి. నేనెలాంటిదాన్నో ఈ బాబు టీవీ తిప్పి చూపించేదాకా మీకు తెలీలేదు. రేపు ఇంకో గడియారం తప్పుతుంది. అప్పుడు ఈ బాబు ఉండడు కదండి."

 షావుకారుగారు తాళాలు తీసుకోలేదు, వెనక్కి జరపనూ లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. అల్లుడుగారు, "ఇంత రోషమేంటండీ ఈవిడకి, అడగడం కూడా తప్పేనా" అని గొణిగారు.

అక్క నా దగ్గరకొచ్చింది. "నా నంబరు తీసెయ్ బాబూ" అంది.

"అమ్మా, నన్ను క్షమించండి. తప్పంతా నాది" అన్నాను. ఎంత ఆపుకున్నా ఏడుపొచ్చేసింది.

"నీ మీద నాకేం లేదు నాయనా. నువ్వొక్కడివే చెప్పావు. తీసెయ్."

పానెల్ మూత ఇంకా తెరిచే ఉంది. యూజర్లు ఉన్న చోటికి వెళ్ళాను. మూడో నంబరు దగ్గర ఆగితే, తీసెయ్యమంటావా అని అడిగింది. ఆవిడ చదవలేకపోయినా ఆ చిన్న అద్దం మీద నుంచి కళ్ళు తిప్పకుండా చూస్తోంది. నొక్కాను. పానెల్ ఒకసారి కూసింది.

"పోయిందా?"

"పోయిందమ్మా."

"ఇక నా పేరు మీద ఎవరూ నొక్కలేరుగా?"

"నొక్కలేరమ్మా."

ఆ మాట నా చేత రెండోసారి కూడా చెప్పించుకుని, అప్పుడు ఆవిడ మెట్లు దిగింది.